పాత గేమ్స్‌లో ఆ గళ్ళు లేవు

(ఫోన్ తెర మీద పాత మారియో. కెమెరా బాగా దగ్గరికి వెళ్తుంది. అంతా చదరాలు.)

పోయిన సంక్రాంతికి మా అక్క కొడుకు చిత్తూరు నుంచి మా ఇంటికొచ్చినాడు. ఎనిమిదో తరగతి. ఫోన్‌లో ఇది పెట్టి నాకు చూపించి, "ఏంది మామా, చిన్నప్పుడు నువ్వు ఆడింది ఈ ఇటుకలతోనా?" అన్నాడు. వాడి తప్పేం లేదు. టీషర్టుల మీద, కాఫీ కప్పుల మీద, వీడియో థంబ్‌నెయిళ్ళలో, యాడ చూసినా పాత గేమ్ అంటే ఇవే పదునైన గళ్ళు. కానీ క్యాసెట్ గేముల కాలం నుంచి ఇప్పటి పీసీ దాకా ఆడుతూ వచ్చినవాణ్ణి కదా, ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. మేం ఆడిన మారియో ఇట్ల లేడు. ఎట్ల ఉన్నాడో చెప్తా. దానికి ముందు ముగ్గు గురించి చెప్పాల.

(వాకిట్లో ముగ్గు వేస్తున్న చెయ్యి.)

తిరుపతి బైరాగిపట్టెడలో మా పాత ఇంటి ముందు మట్టి వాకిలి ఉండేది. మా అవ్వ తెల్లారుజామున పేడనీళ్ళు చల్లి, ఆ తడి ఆరకముందే చుక్కలు పెట్టేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి సన్నగా జారేది. తడినేల మీద పడిన రవ్వ కొంచెం పరుచుకుని పక్క రవ్వను కలుపుకునేది. నిలబడి చూస్తే ఒక్క గీతలో గీసినట్టు ఉండేది.

తర్వాత వాకిట్లో నున్నటి టైల్స్ వేయించినారు. చెయ్యి అదే, పిండి అదే, చుక్కలూ అన్నే. గీత మాత్రం విడిపోయింది. ఏ రవ్వకారవ్వ వేరుగా కనపడుతోంది. అవ్వ చానాసేపు చూసి, "నేల తాగడం లేదబ్బయా" అనింది.

ఇప్పుడు ఈ ఫోన్ తెర చూడండి. ఇది టైల్స్. మా పాత డబ్బా టీవీ, పిక్చర్ ట్యూబ్ ఉండేది, అది తడినేల.

(టీవీ అద్దానికి ఆనించినట్టు కెమెరా. ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలు.)

ఈ టీవీని కొర్లగుంటలో రిపేరు చేసే ఒకన్న దగ్గర కొన్నా. అద్దానికి అంగుళం దూరంలో కన్ను పెడితే ఇట్ల కనపడుతుంది. యాడా చదరం లేదు. ట్యూబు వెనక నుంచి ఎలక్ట్రాన్ల ధార ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి ఒక్కో గీతగా ఊడుస్తూ పోతుంది. అది తగిలిన చోట రంగు పూత వెలిగి ఆరిపోతుంది. మన టీవీ పద్ధతిలో సెకనుకు 50 సార్లు, జపాన్, అమెరికాల్లో 60 సార్లు. ఆ వెలుగుకు అంచులు మెత్తగా ఉంటాయి. ఒక చుక్క వెలుగు పక్క చుక్క మీదికి కొంచెం జారుతుంది. గీతకూ గీతకూ మధ్య సన్నటి చీకటి సందు మిగులుతుంది. మన కన్ను ఆ సందును తనే పూడ్చుకుంటుంది.

ఇంకో తడి కూడా ఉంది. టీవీ వెనక గుచ్చే పసుపు పిన్ను గుర్తుంది కదా? వెలుగూ రంగూ రెండూ ఆ ఒక్క తీగలోనే కలిసి వస్తాయి. టీవీ వాటిని మళ్ళీ విడదీసేటప్పుడు పక్కపక్క రంగులు ఒకదాంట్లోకి ఒకటి కారుతాయి. యాంటెనా తీగతో ఛానెల్ ట్యూన్ చేసి ఆడినవాళ్ళకైతే ఇంకా ఎక్కువ.

నేను చెప్పదలుచుకున్నది ఇక్కడుంది. ఆ గేమ్స్ చేసినవాళ్ళకు ఇదంతా తెలుసు. అవ్వకు నేల తెలిసినట్టు వాళ్ళకు ట్యూబు తెలుసు. చుక్క పెట్టేటప్పుడే అది ఎంత పరుచుకుంటుందో లెక్కేసి పెట్టినారు.

మారియోనే తీసుకోండి. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ కూడా దీనికన్నా పెద్దది. తెరంతా కలిపి అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 240. చిన్న మారియో ఎత్తు 16 చుక్కలు, ఒంటి మీద మూడే రంగులు. ఆకాశంలో మబ్బు, నేల మీద పొద రెండూ ఒకటే బొమ్మ, రంగు మార్చినారంతే. మారియో మొదట కనపడింది 1981లో, డాంకీ కాంగ్‌లో. నోరు గీయడానికి చోటు లేక, మారియోను సృష్టించిన షిగెరు మియామోటో మీసం పెట్టినాడు. దూకినప్పుడు జుట్టు ఎగరడం చూపించలేక టోపీ పెట్టినాడు. చుక్కకు అంత విలువిచ్చిన మనిషి దాన్ని ఎట్ల పడితే అట్ల పెడతాడా?

(సోనిక్ జలపాతం. ఎడమ సగం ఫోన్ తెరలో, కుడి సగం ట్యూబులో.)

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన రుజువు. 1991, సెగా మెగా డ్రైవ్ అనే గేమ్ మెషిన్ మీద సోనిక్. ఎడమ పక్క జలపాతం చూడండి, దువ్వెన పళ్ళలాగా నిలువు గీతలు. ఒక వరుస నీళ్ళు, ఒక వరుస ఖాళీ. ఇప్పుడు కుడి పక్క చూడండి. గీతలు లేవు. పలచటి నీళ్ళు, వాటి వెనక కొండ కనపడుతోంది. ఇట్ల వెనకది కనపడేలా గీయడం ఆ మెషిన్‌కు చేతకాదు. చేతకానిదాన్ని పసుపు పిన్నుతో చేయించినారు! కపిలతీర్థంలో వానాకాలం జలపాతం నీటి వెనక నల్లటి బండ కనపడినట్టే. ఇది చూసినప్పుడల్లా చేసినవాళ్ళకు దండం పెట్టాలనిపిస్తుంది.

అట్లాంటిదే 1997లో క్యాసిల్‌వేనియా సింఫనీ ఆఫ్ ది నైట్‌లో డ్రాక్యులా ముఖం. ఫోన్‌లో చూస్తే కంట్లో ఒక ఎర్ర చదరం, ఏదో పొరపాటున పడినట్టు. ట్యూబులో ఆ ఒక్క చుక్కే పరుచుకుని కన్నంతా నిప్పులాగా వెలుగుతుంది. నేల తాగింది.

"మరి మా ఇంట్లో తుపాకీ గేమ్ కొత్త టీవీలో పనిచేయదు, ఎందుకన్నా?" అని చానామంది అడుగుతుంటారు. డక్ హంట్, బాతుల గేమ్. అదీ ఈ నేల కథే. ఆ తుపాకీలో నుంచి ఏదీ బయటికి పోదు. అది చూస్తుంది, అంతే. గొట్టంలో వెలుగును పట్టే చిన్న సెన్సార్ ఉంటుంది. మీరు నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లగా అవుతుంది. వెంటనే బాతు ఉన్నచోట మాత్రం తెల్లటి పెట్టె. నలుపు తర్వాత తెలుపు కనపడితే తగిలినట్టు. ముందు నల్లగా చేసేది ఎందుకంటే, తుపాకీని ట్యూబులైటు వైపు పెట్టి మోసం చేయకుండా. ఇదంతా కన్నుమూసి తెరిచేలోపు అయిపోవాల. పిక్చర్ ట్యూబు వచ్చిన సిగ్నల్‌ను వచ్చినట్టే వెలిగిస్తుంది. కొత్త టీవీ దాన్ని లోపల సర్ది, సాగదీసి, ఆలస్యంగా చూపిస్తుంది. అప్పటికి తుపాకీ చూడాల్సిన సమయం దాటిపోయి ఉంటుంది. తుపాకీ చెడిపోలేదు, పారేయొద్దు.

వీడియో అప్పుడే పొడుగైపోయింది, మిగతాది గబగబా చెప్పేస్తా.

పాతవాటి మీద ఇష్టంతో కొత్తవాటిని తక్కువ చేస్తున్నా అనుకోవద్దు. నేను రాత్రిళ్ళు ఆడేది కొత్తవే. 2018లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో హీరో ఆర్థర్ గడ్డం చూడండి. సెట్టింగ్స్‌లో టీఏఏ, అంటే అంచులు మెత్తబరిచే ఆప్షన్, ఆపేస్తే వెంట్రుకలన్నీ చుక్కలు చుక్కలుగా విడిపోతాయి. ఆన్ చేస్తే ముందు ఫ్రేముల్లోని చుక్కలు ఇప్పటివాటితో కలిసి మెత్తటి గడ్డం వస్తుంది. సోనిక్ జలపాతం కిటుకే ఇది! ఇప్పుడు తడిని టీవీ కాదు, గ్రాఫిక్స్ కార్డు చల్లుతోంది.

షోవెల్ నైట్, సెలెస్ట్ లాంటి కొత్త పిక్సెల్ గేమ్స్ వేరే సంగతి. అవి టైల్స్ కోసమే వేసిన ముగ్గులు. అక్కడ గళ్ళు కావాలనే పెట్టినారు, అవీ నాకిష్టమే. వాటిని చూసి పాతవన్నీ ఇట్లే ఉండేవి అంటేనే నాకు బాధ.

ట్యూబు టీవీ దొరకనివాళ్ళు పాత గేమ్స్ ఆడించే రెట్రోఆర్క్ యాప్‌లో సీఆర్‌టీ షేడర్, అంటే బొమ్మను ట్యూబు తెరలాగా చూపించే ఫిల్టర్, పెట్టుకోండి. 4కే తెరకు నిలువుగా 2160 వరుసలు. పాత గేమ్‌వి 240. అంటే ఒక్కో పాత గీతకు తొమ్మిది వరుసలు దొరుకుతాయి, వెలుగు అంచు, చీకటి సందు రెండూ గీయడానికి చోటు సరిపోతుంది. బొమ్మను పాత టీవీ ఆకారం 4:3లోనే ఉంచండి, సాగదీస్తే మారియో లావెక్కుతాడు. టీవీలో గేమ్ మోడ్ వేయండి, బటన్ నొక్కినదానికీ దూకినదానికీ మధ్య ఆలస్యం తగ్గుతుంది.

కనుమ రోజు మా వాణ్ణి ఈ టీవీ ముందు కూర్చోబెట్టినా. ముందు అద్దం మీద చెయ్యి పెట్టి, చేతి మీద వెంట్రుకలు లేచినాయని నవ్వినాడు. తర్వాత ఆడినాడు. రెండు లెవెల్స్ అయినాక ముఖం అద్దానికి ఆనించి చూసినాడు, వెనక్కి జరిగి చూసినాడు, మళ్ళీ ఆనించినాడు. "మామా, ఈ మబ్బు ఫోన్‌లో ఉన్న మబ్బేనా?" అన్నాడు.

మీకూ చూపిస్తా. కెమెరా షట్టర్ 1/50కి పెట్టినా, లేకుంటే తెర మీద నల్లటి పట్టీ కదులుతుంది. లైటు ఆపుతున్నా.

(గది చీకటి. స్విచ్ చప్పుడు, ట్యూబు సన్నటి కూత. నీలం ఆకాశం, మబ్బు. మాటలు లేవు.)