థర్మల్ కెమెరా ఎలక్ట్రీషియన్‌కు అక్కరకొస్తుందా?

[తెరపై: తలుపు తెరిచిన ప్యానెల్ బోర్డు. వరుసగా ఎంసీబీలు (కరెంటు మితిమీరితే దానంతట అదే ఆపేసే స్విచ్‌లు), అన్నీ ఒకేలా ఉన్నాయి.]

ఈ బోర్డు చూడండి. కాలిన వాసన లేదు. నల్లబడ్డ వైరు లేదు. చిటపట శబ్దం కూడా లేదు. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెడితే 20 ఆంపియర్లు చూపిస్తోంది, ఈ సర్క్యూట్‌కు అది మామూలే. వోల్టేజీ కూడా సరిగ్గానే ఉంది.

[తెరపై: అదే బోర్డు థర్మల్ చిత్రం. నాలుగో ఎంసీబీ పై టెర్మినల్ తెల్లగా మెరుస్తోంది.]

ఇప్పుడు చూడండి. థర్మల్ కెమెరా వేడిని రంగులుగా చూపిస్తుంది, ఇక్కడ తెల్లగా ఉన్నదే అన్నిటికంటే వేడి. ఆ నాలుగోది.

అక్కడ స్క్రూ కాస్త వదులైంది. ఆ కనెక్షన్‌లో 0.05 ఓమ్‌ల రెసిస్టెన్స్ వచ్చిందనుకుందాం. 20 ఆంపియర్లు పారితే అక్కడ తగ్గే వోల్టేజీ ఒకే ఒక్క వోల్టు. మీటర్‌లో ఆ ఒక్క వోల్టును ఎవరు పట్టించుకుంటారు? కానీ అక్కడ పుట్టే వేడి 20 వాట్లు. మనం వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంటే గోరంత స్క్రూ దగ్గర, ప్లాస్టిక్‌ను ఆనించి, ఇంచుమించు ఒక సోల్డరింగ్ ఐరన్‌ను రోజంతా ఆన్ చేసి వదిలేసినట్టు. ఆ వేడికి రాగి మీద ఆక్సైడ్ పొర కడుతుంది. దాంతో రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. క్లాంప్ మీటర్ మాత్రం చివరిదాకా 20 ఆంపియర్లే చూపిస్తుంది.

అందుకే ఈ కెమెరా అంటే నాకు గౌరవం. అయినా అందరూ కొనాలని చెప్పను. నడుస్తున్న బోర్డులను తెరిచి చూసే మెయింటెనెన్స్ పని మీదైతే కొనండి, పనికొస్తుంది. కొత్త వైరింగ్ పనులే ఎక్కువైతే ముందు మంచి టార్క్ స్క్రూడ్రైవర్ కొనుక్కోండి, స్క్రూను చెప్పినంత బిగువుకే బిగించేది. ఎప్పుడో ఒకసారి అవసరమైతే కెమెరాను అద్దెకు తెచ్చుకోవచ్చు.

[తెరపై: ఒకే టెర్మినల్ రెండు చిత్రాలు. ఒకటి పూర్తి లోడ్‌లో, ఇంకొకటి సగం లోడ్‌లో.]

కొత్త వైరింగ్‌కు కెమెరా ముందు వద్దని ఎందుకన్నానంటే, అది చూసేది వదులు స్క్రూను కాదు, ఆ స్క్రూ దగ్గర పుట్టిన వేడిని. లోడ్ లేకపోతే వేడి లేదు. పైగా వేడి కరెంటు వర్గంతో (స్క్వేర్‌తో) మారుతుంది. ఇందాకటి కనెక్షన్‌లోనే 20కి బదులు 10 ఆంపియర్లు పారితే వేడి సగం కాదు, నాలుగో వంతు. 20 వాట్లు కాస్తా 5 వాట్లవుతుంది. పూర్తి లోడ్‌లో మెరిసిపోయే లోపం, లోడ్ తక్కువగా ఉన్న వేళ చూస్తే కనీకనపడకుండా ఉంటుంది. కనీసం 40 శాతం లోడ్ ఉండాలని ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. లోడ్ ఆన్ చేసి వేడి నిలకడకు వచ్చేదాకా ఆగాలి. ప్రతి ఫొటోతో పాటు ఆ సమయంలో ఎన్ని ఆంపియర్లు పారుతున్నాయో రాసుకోండి. ఆ అంకె లేని థర్మల్ ఫొటోకు నేను విలువ ఇవ్వను.

ఈ కెమెరా పట్టుకునేది ఇన్‌ఫ్రారెడ్‌ను, అంటే వేడి వస్తువుల నుంచి వచ్చే, కంటికి కనపడని కిరణాలను. వీటిని 1800లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ కనిపెట్టాడు. పట్టకంతో వెలుగును రంగులుగా విడదీసి, ఎరుపు దాటాక ఏ రంగూ లేని చోట థర్మామీటర్ పెడితే పాదరసం పైకెక్కింది. మన కెమెరాలు పట్టుకునేవి సుమారు 8 నుంచి 14 మైక్రాన్ల తరంగాలు. ఇవి మామూలు గాజులోంచి రావు, బోర్డు ముందుండే అక్రిలిక్ కవర్‌లోంచీ రావు. కవర్ మీద కెమెరా పెడితే కనిపించేది కవర్ వేడే. కెమెరాకు గోడ లోపలిదీ కనపడదు. లోపలి వేడి గోడ పైకి వస్తేనే తెలుస్తుంది.

[తెరపై: మెరిసే రాగి బస్‌బార్. దాని మీద చిన్న నల్ల టేపు ముక్క.]

ఇక్కడ కొంచెం ఆగుదాం. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే.

మొదట్లో ఒక చోట బస్‌బార్ (బోర్డులో కరెంటు పంచే లోహపు పట్టీ) మీద వేడి మచ్చ కనిపించింది. టెన్షన్ పడి షట్‌డౌన్ అడిగాను. పని ఆపించి, బోల్టులన్నీ విప్పి చూస్తే ఏమీ లేదు. అది నా ఒంటి వేడే. మెరిసే రాగి అద్దంలా పనిచేసి దాన్ని నాకే తిప్పికొట్టింది. అప్పటి నుంచి మచ్చ కనిపిస్తే ముందు ఒక అడుగు పక్కకు జరుగుతాను. మచ్చ నాతో పాటు జరిగితే ప్రతిబింబం. కదలకుండా ఉంటే నిజం వేడి.

దీనికి తోడు ఎమిసివిటీ అనేది ఒకటుంది. వేడిని ఇన్‌ఫ్రారెడ్‌గా బయటికి పంపే గుణం అది. గరిష్ఠం 1 అనుకుంటే, నల్ల ఇన్సులేషన్ టేపుకు సుమారు 0.95. పాలిష్ చేసిన రాగికి 0.05 దగ్గర. కాబట్టి చెయ్యి కాలేంత వేడిగా ఉన్న బస్‌బార్ కూడా తెర మీద చల్లగా కనిపించవచ్చు. అందుకే షట్‌డౌన్ దొరికినప్పుడే, సప్లై లేదని టెస్ట్ చేసుకున్నాక, చూడాల్సిన చోట టేపు ముక్క అతికించి ఉంచండి. తర్వాత లోడ్ నడుస్తుండగా రాగిని కాకుండా ఆ టేపును కొలవండి. లైవ్‌లో ఉన్న బార్‌కు టేపు అతికించే ప్రయత్నం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

[తెరపై: గళ్లుగా విడగొట్టిన చిత్రం. ఒక గడి లోపల మొత్తం స్క్రూ.]

కొనేటప్పుడు చూడాల్సింది రిజల్యూషన్. 80×60 కెమెరా (అడ్డంగా 80, నిలువుగా 60 పిక్సెళ్లు) చూపు వెడల్పు 50 డిగ్రీలు అనుకుంటే, మీటరు దూరంలో ఒక్కో పిక్సెల్ దాదాపు 12 మిల్లీమీటర్లను కప్పుతుంది. మీ స్క్రూ 6 మిల్లీమీటర్లే. దాని వేడి చుట్టుపక్కల చల్లదనంతో కలిసిపోయి అంకె తగ్గుతుంది. సరిగ్గా కొలవాలంటే ఆ చోటు కనీసం మూడు పిక్సెళ్ల వెడల్పు ఉండాలి. దగ్గరికి వెళ్తే చాలదా అంటారేమో. లైవ్ బోర్డులోకి తల దూర్చడం కంటే 160×120 కెమెరా కొనడం మేలు. ప్యానెల్ పనికి నేను అంతకంటే తక్కువ సిఫారసు చేయను.

ఇక చిత్రాన్ని చదవడం. టెర్మినల్ దగ్గర బాగా వేడిగా ఉండి, వైరు వెంట పోయేకొద్దీ చల్లబడుతుంటే లూజ్ కనెక్షన్. వైరు పొడవునా ఒకే వేడి ఉంటే ఓవర్‌లోడ్, స్క్రూ బిగిస్తే తగ్గదు. మూడు ఫేజుల్లో ఒకటి చల్లగా ఉంటే సంతోషించకండి. ఫ్యూజు పోయి ఆ ఫేజులో కరెంటే పారకపోవచ్చు, మిగతా రెండు దాని భారం మోస్తుండవచ్చు. కాంటాక్టర్ (మోటార్ల లాంటి పెద్ద లోడ్‌ను ఆన్, ఆఫ్ చేసే విద్యుత్ స్విచ్) కాయిల్, ట్రాన్స్‌ఫార్మర్ లాంటివి సహజంగానే వేడిగా ఉంటాయి, వాటిని చూసి బెదరొద్దు. ఒకే రకం భాగాలను, ఒకే లోడ్‌లో, పక్కపక్కన పోల్చాలి. ఎలక్ట్రికల్ టెస్టింగ్ సంస్థల సంఘం నెటా ప్రమాణాల ప్రకారం అలా పోల్చినప్పుడు తేడా 1 నుంచి 3 డిగ్రీల సెల్సియస్ ఉంటే లోపం ఉండొచ్చు, పరిశీలించాలి. 4 నుంచి 15 ఉంటే లోపం ఉండే అవకాశం ఎక్కువ, మరమ్మతు పెట్టుకోవాలి. 15 దాటితే వెంటనే సరిచేయాలి.

కెమెరా దూరం నుంచే చూస్తుంది కదా అని ధీమా పడొద్దు. చూడాలంటే కవర్ తీయాలి, తీసే ఆ నిమిషమే అన్నిటికంటే ప్రమాదం. జారిన ఒక్క స్క్రూ బస్‌బార్ల మధ్య పడితే ఆర్క్ ఫ్లాష్, అంటే మంటతో కూడిన విద్యుత్ పేలుడు. తగిన సూట్, ఫేస్ షీల్డ్ లేకుండా కవర్ తీయకండి. తరచూ చూడాల్సిన పెద్ద ప్యానెళ్లకు ఇన్‌ఫ్రారెడ్‌ను దాటనిచ్చే ప్రత్యేక కిటికీలు దొరుకుతాయి, తలుపు తెరవకుండానే పని అవుతుంది.

[తెరపై: నాలుగో ఎంసీబీ. మరమ్మతుకు ముందు, తర్వాత.]

మన నాలుగో ఎంసీబీకి వద్దాం. సప్లై ఆపి, కమిలిన వైరు చివర కోసి, కొత్తగా చెక్కి, తయారీదారు చెప్పిన టార్క్‌కు బిగించాం. మళ్లీ అదే 20 ఆంపియర్ల లోడ్ పెట్టి, గంట ఆగి, అదే చోట నిలబడి రెండో ఫొటో తీశాం. రెండిటికీ రంగుల స్కేలు, అంటే ఏ రంగు ఎన్ని డిగ్రీలో చెప్పే కొలబద్ద, ఒకటే ఉండాలి. ఆటో మోడ్‌లో వదిలేస్తే రెండు డిగ్రీల తేడానూ కెమెరా ఎర్రగా చూపించి కంగారు పెడుతుంది. అందుకే మొదటి ఫొటో స్కేలునే లాక్ చేశాం. రెండో దాంట్లో నాలుగో ఎంసీబీ ఏదో చెప్పాలంటే ఎడమ నుంచి లెక్కపెట్టుకోవాల్సిందే.