మర్రిచెట్టు పక్కన మొలిచిన మరో చెట్టు: వైన్‌బర్గ్ స్ట్రింగ్ క్వార్టెట్లు, డానెల్ బృందం రికార్డింగు

నమస్కారం. ఇవాళ మీకు చూపిస్తున్నవి ఈ ఆరు సీడీలు. వీటిలో పదిహేడు స్ట్రింగ్ క్వార్టెట్లు ఉన్నాయి. అన్నీ ఒకే స్వరకర్త రాసినవి, అన్నిటినీ వాయించినదీ ఒకే బృందం. స్వరకర్త మియెచిస్లావ్ వైన్‌బర్గ్. వాయించినవారు బెల్జియం దేశానికి చెందిన డానెల్ క్వార్టెట్. వెలువరించినది సీపీఓ అనే జర్మన్ రికార్డింగ్ సంస్థ. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని ఏళ్ల తరబడి వింటున్నవారిలో కూడా ఈ పేరు వినగానే "ఎవరాయన?" అని అడిగేవారు చాలామంది ఉన్నారు. ఆయన కాలంవాడే అయిన సోవియట్ స్వరకర్త షోస్టకోవిచ్ పేరు చెబితే మాత్రం అందరూ తల ఊపుతారు. మర్రిచెట్టు నీడలో మరో చెట్టు ఎదగదని మనం అంటాం కదా, వైన్‌బర్గ్ గురించి విమర్శకులు చాలాకాలం అదే మాట అన్నారు. ఈ సీడీలు విన్న తరువాత ఆ మాట నిలబడదని నాకు అనిపించింది.

ఈ ప్రక్రియ కొత్తగా వినేవారి కోసం ఒక్క మాట. స్ట్రింగ్ క్వార్టెట్ అంటే రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. మన కచేరీలో వయొలిన్ సాధారణంగా పక్కవాద్యం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వంటి మహానుభావులు దానిని ప్రధాన వాద్యంగా నిలబెట్టినప్పటికీ, వేదిక మీద ప్రధాన కళాకారుడు ఒకరు, ఆయనను అనుసరించేవారు కొందరు అన్న అమరిక అలాగే ఉంది. క్వార్టెట్‌లో ఎవరూ ఎవరికీ పక్కవాద్యం కారు. మనోధర్మానికీ అక్కడ చోటు లేదు. ఒకరు మాట్లాడుతుండగా మిగిలిన ముగ్గురు వింటారా, అడ్డుపడతారా, పెడముఖం పెడతారా అన్నది సైతం స్వరకర్తే కాగితం మీద రాసిపెడతాడు.

వైన్‌బర్గ్ 1919 డిసెంబరులో వార్సాలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రి యిడ్డిష్ (తూర్పు ఐరోపా యూదుల భాష) నాటకశాలలో సంగీతకారుడు. మొదటి క్వార్టెట్ రాసింది 1937లో, పదిహేడేళ్ల వయసులో. 1939లో జర్మన్ సైన్యం పోలండ్ మీద పడినప్పుడు ఆయన, చెల్లెలు ఎస్తేర్ కాలినడకన తూర్పు దిక్కుకు బయలుదేరారు. దారిలో బూట్లు కరిచి నడవలేక, చెల్లెలు అమ్మ దగ్గరకు వెనుదిరిగింది. ఆయన ఒక్కడే సరిహద్దు దాటి సోవియట్ నగరమైన మిన్స్క్ చేరాడు. తల్లి, తండ్రి, చెల్లెలు ముగ్గురూ ట్రావ్నికి అనే నాజీ శిబిరంలో హతమయ్యారన్న సంగతి ఆయనకు చాలా ఏళ్ల వరకు తెలియదు. మిన్స్క్‌లో రాసిన రెండవ క్వార్టెట్‌ను అమ్మకూ చెల్లెలికీ అంకితం చేశాడు. నాలుగు దశాబ్దాలు గడిచాక, 1981లో రాసిన పదహారవదానిని ఎస్తేర్ స్మృతికి అంకితం చేశాడు. ఈ రెండు అంకితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, పదిహేడు క్వార్టెట్లలో పైకి చెప్పని ఏ విషయం లోపల నడుస్తున్నదో కొంత అర్థమవుతుంది.

1941లో జర్మన్లు మిన్స్క్ మీదకు కూడా రావడంతో ఆయన తాష్కెంట్ వెళ్లాడు. అక్కడి నుంచి తన మొదటి సింఫనీ ప్రతిని షోస్టకోవిచ్‌కు చేర్చగా, అది చూసిన షోస్టకోవిచ్ 1943లో వైన్‌బర్గ్ మాస్కో వచ్చే ఏర్పాటు చేశాడు. అప్పటి నుంచి ఇద్దరూ ఒకరి రచనలు ఒకరు చూసుకునే మిత్రులు. వైన్‌బర్గ్ షోస్టకోవిచ్ దగ్గర తరగతిలో కూర్చుని నేర్చుకున్న శిష్యుడు కాడు, అయినా అలా చెప్పేవారు నేటికీ ఉన్నారు. 1964లో షోస్టకోవిచ్ తన పదవ క్వార్టెట్‌ను వైన్‌బర్గ్‌కు అంకితం చేస్తూ, తనవి ఎనిమిదే ఉన్నప్పుడు అతడు తొమ్మిది రాసి తనను దాటిపోయాడనీ, అతణ్ణి అందుకొని మించాలని పంతం పట్టాననీ ఒక మిత్రుడికి సరదాగా రాశాడు. నీడలో ఉన్న మొక్కతో ఏ మర్రిచెట్టూ పందెం కాయదు.

ఈ ఆరింటిలో నేను ఎక్కువసార్లు విన్నది మూడవ సీడీ. దీనిలో ఆరు, ఎనిమిది, పదిహేను సంఖ్యల క్వార్టెట్లు ఉన్నాయి. ఆరవది 1946లో రాసినది. ఆరు భాగాలున్న పెద్ద రచన. అమాయకంగా మొదలవుతుంది, ఆ అమాయకత్వం ఎంతోసేపు నిలవదు. రెండవ, మూడవ భాగాలు వచ్చేసరికి నాలుగు వాద్యాలూ ఒకదాని మీద ఒకటి విరుచుకుపడతాయి, ఆ వెంటనే వచ్చే నిదానమైన నాలుగవ భాగం గాలివాన వెలిసిన ఇంట్లో ఒక్కొక్క వస్తువునూ ఏరి సర్దుతున్నట్టు సాగుతుంది. 1948లో సోవియట్ ప్రభుత్వం స్వరకర్తల మీద విరుచుకుపడి, వాయించకూడని రచనల జాబితా ఒకటి తయారు చేసినప్పుడు ఈ క్వార్టెట్ పేరు కూడా అందులో చేరింది. అదే సంవత్సరం జనవరిలో ఆయన మామగారు, ప్రసిద్ధ యిడ్డిష్ నటుడు సొలొమోన్ మిఖోయెల్స్‌ను స్టాలిన్ ఆదేశంతో చంపారు. 1953 ఫిబ్రవరిలో వైన్‌బర్గ్‌నే అరెస్టు చేశారు. మార్చిలో స్టాలిన్ మరణించాడు, ఏప్రిల్‌లో ఈయన విడుదలయ్యాడు. ఆరవ క్వార్టెట్‌కూ 1957 నాటి ఏడవదానికీ మధ్య పదకొండేళ్లు ఖాళీగా ఉండటానికి కారణం వేరే వెతకనక్కరలేదు. ఆరవదానిని సభలో తొలిసారిగా వాయించినవారు ఇదే డానెల్ బృందం, అదీ 2007లో, మాంచెస్టర్‌లో. వైన్‌బర్గ్ 1996లోనే కన్నుమూశాడు.

ఎనిమిదవది 1959 నాటిది, బొరొదిన్ క్వార్టెట్ అనే సోవియట్ వాద్యబృందానికి అంకితమైనది. పావుగంట పాటు విరామం లేకుండా సాగే ఒకే భాగం. మొదట్లో గొంతు పెగలనట్టు, తడబడుతూ వచ్చే నెమ్మది సంగీతం. మధ్యలో యూదుల పెళ్లి నాట్యాన్ని గుర్తుకు తెచ్చే ఒక చిన్న నడక, అది పెరిగి పెరిగి భరించలేనంత ఉధృతమయ్యాక, మళ్లీ మొదటి నెమ్మదితనం. షోస్టకోవిచ్‌తో తేడా నాకు ఇక్కడే స్పష్టంగా వినిపిస్తుంది. ఆయన బాధను నిలదీసే స్వరంతో, కొన్నిసార్లు వ్యంగ్యంతో చెబుతాడు. వైన్‌బర్గ్ నిలదీయడు, పాట మధ్యలో ఆపి ఊరుకుంటాడు.

మొదటి సీడీలో ఉన్న నాలుగవ క్వార్టెట్‌ను కూడా దాటవేయవద్దు. 1945లో రాసిన ఈ రచనలోని మూడవ భాగం శవయాత్ర నడకలో ఉంటుంది. దానితో పాటే పదహారవది, ఇందాక చెప్పిన ఎస్తేర్ స్మృతి రచన, ఉన్నది. ఈ జోడీని కావాలనే కుదిర్చారో, నిడివి సరిపోయి కుదిరిందో గానీ, ఒకే విడతలో రెండూ వింటే మనసు మరో పనిమీదకు పోదు.

అన్నీ ఒకే స్థాయిలో ఉన్నాయని నేను అనను. పద్నాలుగు, పదిహేను సంఖ్యల క్వార్టెట్లలో భాగాలకు వేగాన్నో భావాన్నో సూచించే పేర్లే లేవు, మెట్రోనోము (లయ వేగాన్ని కొలిచే పరికరం) అంకెలు మాత్రమే ఉన్నాయి. పదిహేనవదానిలో అలాంటి భాగాలు తొమ్మిది. నేను మూడు నాలుగు సార్లు విన్నాను. గౌరవం కలిగింది గానీ ఇష్టం ఇంకా కలగలేదు. తొమ్మిదవదానిలో ఉత్సాహం కొంత హెచ్చుగా, బయటివారి కోసం తెచ్చిపెట్టుకున్నదిగా నాకు తోచింది.

ఇక వాయించిన తీరు. డానెల్ బృందం అందం కోసం వాయించదు. ఉధృతమైన చోట్ల కమాను తీగ మీద గీరుకునే శబ్దం కూడా రికార్డులోకి వచ్చింది. సన్నని చోట్ల ధ్వని దాదాపు ఊపిరి స్థాయికి దిగుతుంది. రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకొని వినేవారు వాల్యూమ్ మీద ఒక చెయ్యి ఉంచుకోవడం మంచిది. రొమేనియాకు చెందిన ఆర్కేడియా క్వార్టెట్ చాండోస్ సంస్థ కోసం చేస్తున్న రికార్డింగులు దీనికంటే నునుపుగా, నిండుగా ఉంటాయి. రెండు, అయిదు, ఎనిమిది సంఖ్యలున్న వారి మొదటి సీడీలో అయిదవ క్వార్టెట్ నాకు డానెల్ వారి దానికంటే నచ్చింది, ఎందుకంటే "మెలొడీ" అని పేరు పెట్టిన మొదటి భాగాన్ని వారు నిజంగానే పాటలా పాడనిచ్చారు. ఎనిమిదవదానిలో మాత్రం ఆ నునుపు అడ్డువచ్చింది. తడబడవలసిన సంగీతం తడబడాలి.

ఆరు సీడీలూ ఒకేసారి కొనవద్దు. మూడవదానితో మొదలుపెట్టి, ముందు ఎనిమిదవ క్వార్టెట్ వినండి, మరునాడు ఆరవది వినండి. తరువాత మొదటి సీడీకి వెళ్లండి. అదే మూడవ సీడీలో చివర ఉన్న పదిహేనవదానిని నాలాగే కొన్నాళ్లు పక్కన పెట్టినా తప్పులేదు; అది ఎలా వినాలో తెలిసినవారు ఎవరైనా ఉంటే కింద రాయండి, మరోసారి కూర్చుంటాను.