డొంకదారిలో కంప కొట్టబోతున్నారా? ముందు పనిముట్లు చూసుకోండి

అందరికీ నమస్కారం. నా వెనక కనిపిస్తున్నది మా పొలాలకు వెళ్లే డొంకదారి. గోదావరి వైపు పుంత అంటారు, తెలంగాణలో బండ్లబాట. ఎడ్లబండి పోయిన ఈ దారిలో ఇప్పుడు మనిషి పక్కకు తిరిగి నడవాలి. అంతా సర్కారు తుమ్మే.

పోయినేడు నేనొక్కడినే మచ్చుకత్తితో రెండు రోజులు నరికి దారి తెరిచాను. వారం తిరక్కముందే మా చిన్నాన్న అరికాల్లో మోడు దిగింది, చెప్పును చీల్చుకుని మరీ. కత్తితో ఏటవాలుగా వేటు వేస్తే మొదలు మేకులా మిగులుతుంది. అలా వదిలేసింది నేనే. అందుకే ఈ వీడియో.

మచ్చుకత్తి చెడ్డదని కాదు. బొటనవేలంత కొమ్మల వరకు దాన్ని మించింది లేదు. ముక్కు లోపలికి వంగి ఉంటుంది కాబట్టి కొమ్మ జారిపోదు. కొనేటప్పుడు మెరుపు చూడకండి. లారీ కమాను పట్టాతో కమ్మరి సాగగొట్టింది దొరికితే అదే తీసుకోండి, అంచు తొందరగా మొండిబారదు. పిడి కదులుతోందేమో ఊపి చూడండి. ఇంకొకటి, కంపను ఎడమ చేత్తో పట్టుకోవద్దు. పంగలకర్రతో నొక్కిపెట్టి కొట్టండి. ఆ కర్రకు పైసా ఖర్చు లేదు, కానీ చేతుల్ని కాపాడేది అదే.

లావు కాండానికి రంపం వాడండి. నేలకు ఆనించి అడ్డంగా కోస్తే మోడు చదునుగా ఉంటుంది, కాలికి గుచ్చుకోదు.

అయినా సర్కారు తుమ్మ విషయంలో రంపంది సగం పనే. 1870ల్లో అప్పటి మద్రాసు అటవీ శాఖ జమైకా విత్తనం తెప్పించి మన కడప జిల్లా కమలాపురం దగ్గర వేయించింది. ఇప్పుడు అది లేని ఊరు లేదు. పైన కోస్తే ఒక్క కాండం పోయి నాలుగు లేస్తాయి. చిగురు మొగ్గలు నేల లోపల, వేరు మొదట్లో ఉంటాయి కదా! జానెడు లోతుకు పైగా తవ్వి ఆ మొదలు పెకలించాలి. దానికి గడ్డపార, గొడ్డలి కావాలి. మట్టి తగిలితే గొడ్డలి పదును పోతుంది, పాతదాన్ని దీనికే ఉంచుకోండి. ఎండల్లో మా నల్లరేగడి రాయిలా ఉంటుంది. తొలకరి పడి రెండు మూడు రోజులయ్యాక మొదలుపెడితే సగం శ్రమ తగ్గుతుంది.

వయ్యారిభామ కలుపు మొక్కకు ఏ కత్తీ వద్దు. కోస్తే మళ్లీ చిగురిస్తుంది. పూత రాకముందే, గ్లౌజులు వేసుకుని వేళ్లతో సహా పీకండి. వట్టి చేతులతో ముట్టుకుంటే చాలామందికి దురద, దద్దుర్లు వస్తాయి.

నల్లమల లాంటి అడవిలో దారి అయితే, అటవీ శాఖ అనుమతి లేకుండా ఒక్క కొమ్మ కూడా కొట్టకండి.

కొట్టిన కంపను దారిలో వదలొద్దు. ఎండిన ముల్లు పచ్చిదానికంటే గట్టిగా దిగుతుంది. పంగలకర్రతో ఈడ్చి గట్టు మీద వేయండి, కంచెకు పనికొస్తుంది. మాకు మొన్ననే మంచి వాన పడింది. అదిగో, చిన్నాన్న గడ్డపారతో వచ్చేశారు. ఈ మలుపు దగ్గరున్న మోడుతోనే మొదలుపెడుతున్నాం, చూడండి.