చైన్‌సా దుంగలో దిగగానే ఆగిపోతోందా? ముందు పొట్టు చూడండి

(దృశ్యం: సముద్రపు ఒడ్డున సరుగుడు తోట, ఇసుకలో పడి ఉన్న దుంగలు)

నమస్కారమండి. గాల్లో బ్రహ్మాండంగా తిరిగే చైన్‌సా, దుంగ మీద పెట్టగానే గొంతు పడిపోయి ఆగిపోతోందా? అలా అయితే చాలామంది వెంటనే స్క్రూడ్రైవర్ తీసుకుని, ఇంజిన్‌కి పెట్రోల్, గాలి కలిపి పంపే కార్బరేటర్ మీద పడతారు. దయచేసి ఆ స్క్రూ జోలికి అప్పుడే వెళ్ళకండి.

(దగ్గరి షాట్: అరచేతిలో పొట్టు)

కోసినచోట రాలిన పొట్టు చేతిలోకి తీసుకోండి. పెచ్చులు పెచ్చులుగా ఉంటే చైన్ పదునుగా ఉన్నట్టే. పిండిలా మెత్తగా ఉంటే పళ్ళు అరిగిపోయాయి. అప్పుడు మనం బలంగా నొక్కుతాం, ఆ బరువుకి ఇంజిన్ దిగిపోతుంది.

మన కోనసీమలో చైన్ తొందరగా మొద్దుబారడానికి కారణం ఇసుక. ఒడ్డు తోటల్లో దుంగల్ని ఈడ్చుకొస్తారు, బెరడు నిండా ఇసుకే. బ్రష్‌తో దులిపి కోయండి. తుపానుకి పడిన కొబ్బరి చెట్టు కోసేటప్పుడూ జాగ్రత్త, మాను లోపల మెత్తనే గానీ పైపొర చాలా గట్టి.

(దృశ్యం: ఇంజిన్ ఆపి, ప్లగ్ క్యాప్ తీసి, గ్లౌజులతో పదును పట్టడం)

గుండ్రటి ఆకురాయి మీ చైన్‌కి సరిపోయే సైజుది కొనండి. ఎక్కువ చైన్లకి 30 డిగ్రీల వాలు. ప్రతి పన్నుకీ అన్నే రుద్దులు, లోపలి నుంచి బయటికి మాత్రమే. పన్ను ముందుండే చిన్న దిమ్మని మాత్రం అతిగా అరగదీయకండి. అది మరీ కిందకి పోతే ప్రతి పన్నూ పెద్ద ముక్క కొరికి, పదునైన చైనే ఇంజిన్ని ఆపేస్తుంది. పైగా మిషన్ ఎగిరి మీదికొచ్చే ప్రమాదం.

చైన్ బిగుతు కూడా చూడండి, చేత్తో లాగితే సాఫీగా జరగాలి. చైన్ తిరిగే పొడవాటి బద్ద, అంటే బార్‌కి ఆయిల్ వస్తోందా? బ్రేక్ పూర్తిగా వదిలిందా? రెండు చివర్లా ఆనిన దుంగయితే, కోత మూసుకుపోయి బార్‌ని పట్టేస్తుంది. పైనుంచి కొంత కోసి, మిగతాది కింద నుంచి కోయండి.

(దృశ్యం: ఎయిర్ ఫిల్టర్)

పొట్టు బాగుంది, చైన్ బాగుంది, అయినా ఆగుతోందంటే అప్పుడు ఇంజిన్ వైపు రండి. ఎయిర్ ఫిల్టర్ దులపండి. ట్యాంకులో పెట్రోల్ ఫిల్టర్ మూసుకుపోతే ఖాళీగా బాగానే తిరిగి, లోడ్ పడగానే పెట్రోల్ అందక చచ్చిపోతుంది. కాసేపు కోశాక నీరసపడి, ట్యాంకు మూత వదులు చేయగానే కోలుకుంటే గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. సైలెన్సర్ జాలీకి మసి పట్టినా ఊపిరాడదు.

నెలల తరబడి డబ్బాలో ఉన్న పెట్రోల్ పోయకండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ మన తేమకి నీటిని పీల్చుకుంటుంది. ఆయిల్ కలపాల్సింది మిషన్ పుస్తకంలో ఉన్నట్టే. 50కి 1 అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు.

ఇవన్నీ చూశాకే కార్బరేటర్. అదీ వేగం కొలిచే మీటర్ ఉన్న మెకానిక్‌తోనే చేయించండి. పెట్రోల్ తగ్గేలా స్క్రూ బిగిస్తే ఇంజిన్‌కి ఆయిల్ కూడా తగ్గుతుంది, పిస్టన్ గీసుకుపోయి పట్టేస్తుంది.