పారామెడిక్ ఉద్యోగం: లైసెన్స్ చేతికొచ్చాక ఏం చేయాలి?

[తెర మీద: ఆగి ఉన్న అంబులెన్స్, వెనుక తలుపులు తెరిచి ఉన్నాయి. వ్యాఖ్యాత స్ట్రెచర్ పక్కన నిలబడి మాట్లాడతారు.]

పారామెడిక్ అంటే అంబులెన్స్‌లో వచ్చి రోగికి అక్కడికక్కడే చికిత్స మొదలుపెట్టే మనిషి. కోర్సు అయిపోయింది, పరీక్ష పాసయ్యారు, లైసెన్స్ వచ్చింది. మరి ఉద్యోగం? ఈ వీడియో దాని గురించే. ఇంకా కోర్సులో చేరాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు కూడా చూడండి. చూశాక వద్దనిపిస్తే, ఫీజు కట్టకముందే తెలిసినట్టు.

ముందు రోజువారీ పని సంగతి చెప్పుకుందాం. జారిపడి లేవలేకపోతున్న పెద్దవాళ్లు, ఆయాసం, ఛాతీ నొప్పి, షుగర్ పడిపోయి మాట తడబడుతున్న మనిషి, ఫిట్స్, ఒక ఆసుపత్రి నుంచి ఇంకోదానికి తరలింపులు. కాల్స్‌లో ఎక్కువ భాగం ఇవే. గుండె ఆగిపోయిన కేసులూ, పెద్ద యాక్సిడెంట్లూ వస్తాయి, కానీ రోజూ రావు. ఉద్యోగం ఇచ్చేవాళ్లకు ఇది బాగా తెలుసు. అందుకే ఇంటర్వ్యూలో "నాకు థ్రిల్ ఇష్టం" అనే అభ్యర్థిని చూస్తే వాళ్లకు కాస్త టెన్షన్ మొదలవుతుంది. తెల్లవారుజామున మూడింటికి, అదే వారంలో రెండోసారి పిలిచిన ముసలాయనతో విసుక్కోకుండా మాట్లాడే మనిషి వాళ్లకు కావాలి.

[తెర మీద: ఉద్యోగాలు దొరికే చోట్లు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి.]

ఉద్యోగాలు ఎక్కడున్నాయి? ఎమర్జెన్సీ అంబులెన్స్ సర్వీసు అందరికీ తెలిసిందే. అది కాక ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలు, రోగులను తరలించే ప్రైవేట్ సంస్థలు, కాల్ తీసుకుని బండిని పంపే డిస్పాచ్ సెంటర్లు, గనులు, సముద్రంలో ఆయిల్ రిగ్గులు, ఓడలు, పెద్ద ఆటల పోటీలు. కొన్ని దేశాల్లో, ముఖ్యంగా అమెరికాలో, చాలా ఊళ్లలో ఫైర్ డిపార్ట్‌మెంటే ఈ పని చేస్తుంది. చాలామంది వీటిలో మొదటిదానికే అప్లై చేసి, పిలుపు రాలేదని కూర్చుంటారు. తరలింపుల ఉద్యోగాన్ని చిన్నచూపు చూడకండి. వెంటిలేటర్ మీద ఉన్న రోగి పక్కన గంటల తరబడి కూర్చుంటే మానిటర్ చదవడం, నరంలోకి మందును కొద్దికొద్దిగా పంపే ఇన్‌ఫ్యూజన్ పంపుల లెక్క, ఆక్సిజన్ సిలిండర్ ఎంతసేపు వస్తుందో అంచనా వేయడం, ఇవన్నీ చేతికి అలవాటవుతాయి.

రెజ్యూమెలో అలంకారాలు అక్కర్లేదు. మొదటి పేజీ పైభాగంలోనే లైసెన్స్ స్థాయి, గడువు తేదీ, డ్రైవింగ్ లైసెన్స్ రకం, బీఎల్ఎస్ (ప్రాణాలు నిలిపే ప్రాథమిక చికిత్స), ఏసీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు చేసే పైస్థాయి చికిత్స) లాంటి సర్టిఫికెట్లు ఎప్పటి వరకు చెల్లుతాయో రాయండి. వడపోసేవాళ్లు ముందు చూసేది అదే. కింద ప్లేస్‌మెంట్‌లో, అంటే కోర్సులో భాగంగా ఆసుపత్రిలో, అంబులెన్స్‌లో చేసిన శిక్షణలో, ఎన్ని గంటలు, ఎలాంటి చోట, ఏ పనులు చేతులతో చేశారో రాయండి. రోగుల పేర్లు, వాళ్లను గుర్తుపట్టే వివరాలు మాత్రం ఎక్కడా రాకూడదు. హెపటైటిస్ బి టీకా కాగితం లాంటివి ముందే ఫైల్‌లో పెట్టుకోండి, ఆఖరి నిమిషంలో అవే దొరకవు.

[తెర మీద: నేల మీద మానికిన్, అంటే సాధన కోసం వాడే మనిషి బొమ్మ. ఒక అభ్యర్థి, పక్కన ప్యాడ్ పట్టుకుని పరీక్షకుడు.]

ఇప్పుడు అసలు గండం, ప్రాక్టికల్ టెస్ట్. మంచి మార్కులున్నవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. కారణం చాలావరకు మౌనం. మీ తలలో ఏం నడుస్తోందో పరీక్షకుడికి కనిపించదు. అందుకే ప్రతి అడుగూ పైకి చెప్పాలి: "గ్లవ్స్ వేసుకున్నాను. ఇక్కడ కరెంటు తీగలు, గ్యాస్ వాసన, గొడవ ఏమైనా ఉన్నాయా? రోగి ఒక్కరేనా? అదనపు సాయం కావాలా?" ఆ తర్వాతే రోగి దగ్గరికి. పెద్ద రక్తస్రావం ఉందా, శ్వాసమార్గం తెరిచి ఉందా, ఊపిరి ఎలా ఉంది, పల్స్ ఎలా ఉంది, స్పృహ ఎంత, ఒంటి మీద ఇంకా ఏమున్నాయి. ప్రాణానికి ముప్పు ఎక్కడ దొరికితే అక్కడే ఆగి దాన్ని సరిచేసి, ముందుకు వెళ్లాలి. మందు ఇచ్చాక మళ్లీ చూడాలి. ఈ "మళ్లీ చూడటం" మర్చిపోయి మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

పరీక్షకులకు ఇష్టమైన ఉచ్చు ఒకటుంది. తాగినట్టు తూలుతున్న మనిషి, మాట ముద్దగా వస్తోంది. అభ్యర్థి పక్షవాతం అనో, మద్యం అనో తేల్చేస్తాడు. గ్లూకోమీటర్ సంచిలోనే ఉంటుంది! స్పృహలో తేడా కనిపిస్తే షుగర్ చూడాల్సిందే, ఇందులో మినహాయింపు లేదు.

సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం, కూడా చేయిస్తారు. పెద్దవాళ్లకు నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి రావాలి. ఇవి అందరికీ నోటికొచ్చు. కానీ రెండో నిమిషంలో చేతులు అలిసిపోయి లోతు తగ్గిపోతుంది. ఇంట్లో గట్టి దిండు మీదైనా టైమర్ పెట్టుకుని సాధన చేయండి. స్ట్రెచర్‌తో మెట్లు ఎక్కే ఫిట్‌నెస్ పరీక్ష ఉంటే, కాళ్లు, నడుము బలపడే వ్యాయామం కొన్ని నెలల ముందే మొదలుపెట్టాలి.

[తెర మీద: ఆసుపత్రి తలుపు దగ్గర స్ట్రెచర్, ఎదురుగా డాక్టర్. అప్పగింత వరుస అక్షరాల్లో కనిపిస్తుంది.]

తర్వాత అప్పగింత, అంటే రోగిని ఆసుపత్రివాళ్లకు అప్పజెబుతూ వివరాలు చెప్పడం. ట్రామా కేసుల్లో ఏటీమిస్ట్ అనే వరుస వాడతారు: వయసు, సమయం, ఎలా జరిగింది, గాయాలు, పల్స్, బీపీ లాంటి సంకేతాలు, ఇచ్చిన చికిత్స. వినండి:

"62 ఏళ్ల పురుషుడు. 40 నిమిషాల క్రితం బైక్ మీద నుంచి పడ్డారు, హెల్మెట్ ఉంది. ఎడమ తొడ ఎముక విరిగినట్టుంది. పల్స్ 118, బీపీ 96/60, జీసీఎస్ 15. ఆక్సిజన్ పెట్టాం, ట్రాక్షన్ స్ప్లింట్ వేశాం, ఒక ఐవీ లైన్ ఉంది, నొప్పికి మందు ఇచ్చాం."

అర నిమిషం కూడా పట్టలేదు. జీసీఎస్ అంటే స్పృహను కొలిచే స్కోరు, 15 అంటే పూర్తి స్పృహ. ట్రాక్షన్ స్ప్లింట్ అంటే విరిగిన కాలిని లాగి పట్టి ఉంచే కట్టు. పల్స్ ఎక్కువ, బీపీ తక్కువ అని చెవిన పడగానే అవతలివాళ్లు రక్తం గురించి ఆలోచించడం మొదలుపెడతారు. తొడ ఎముక విరిగితేనే లీటరు దాకా రక్తం లోపలే పోవచ్చు మరి. ఇలా చెప్పడం వచ్చిన కొత్తవాళ్లను ఎమర్జెన్సీ విభాగం త్వరగా గుర్తుపెట్టుకుంటుంది, ఆ మాట సూపర్‌వైజర్ దాకా వెళ్తుంది.

ఇంటర్వ్యూలో తప్పక వచ్చే ప్రశ్న: "మీ సీనియర్ మందును తప్పు మోతాదులో సిరంజిలోకి తీస్తున్నారు. ఏం చేస్తారు?" "తర్వాత పక్కకు పిలిచి చెబుతాను" అన్నారా, పోయింది. మందు ఒంట్లోకి వెళ్లకముందే ఆపాలి. "ఒక్క నిమిషం సార్, మోతాదు ఇంకోసారి కలిసి చూద్దాం" అంటే చాలు, గొడవ పడక్కర్లేదు. ఆ తర్వాత రిపోర్ట్ చేస్తానని కూడా చెప్పండి.

మొదటి ఉద్యోగాన్ని జీతం చూసి ఎంచుకోకండి. ఈ విషయంలో నాతో వాదించేవాళ్లున్నారు, అయినా నా మాట ఇదే. ఇంటర్వ్యూ చివర్లో మిమ్మల్ని "ఏమైనా అడుగుతారా?" అన్నప్పుడు ఇవి అడగండి: కొత్తవాళ్లను ఎన్ని వారాలు సీనియర్‌తో వేస్తారు? రోజుకు కాల్స్ ఎన్ని? కష్టమైన కేసు తర్వాత కూర్చుని మాట్లాడే పద్ధతి ఉందా? మొదటి వారం నుంచే ఒంటరిగా బండి అప్పగిస్తామని గొప్పగా చెప్పే చోటుకు వెళ్లకండి. అది మీ మీద నమ్మకం కాదు, వాళ్ల దగ్గర మనుషులు లేకపోవడం.

[తెర మీద: 1960ల నాటి అంబులెన్స్ బొమ్మ.]

చిన్న పక్కదారి. ఈ వృత్తికి పునాది వేసినవాటిలో ఒకటి అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 1967లో మొదలైన ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సర్వీసు. అందులో చేరింది ఎక్కువగా ఎక్కడా పని దొరకని నల్లజాతి యువకులు. డాక్టర్ పీటర్ సాఫర్ వాళ్లకు గట్టి శిక్షణ రూపొందించారు. వాళ్లు చేసిన పని తర్వాత వచ్చిన శిక్షణలకు నమూనా అయింది. అయినా 1975లో నగరం సొంత సర్వీసు పెట్టుకుని దాన్ని మూసేసింది.

సరే, కొన్నేళ్లు గడిచాక? బండి మీదే ఉండిపోవచ్చు, అదేం తక్కువ కాదు. కాకపోతే నడుము నొప్పి, రాత్రి డ్యూటీల నిద్రలేమి, పిల్లల కేసులు మనసులో మిగిల్చేవి, వీటిని ముందే లెక్కలోకి తీసుకోండి. బరువు ఎత్తేటప్పుడు నలుగురిని పిలవడానికి మొహమాటపడొద్దు. అవే కలలు వారాల తరబడి వస్తుంటే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. క్రిటికల్ కేర్, ఎయిర్ అంబులెన్స్, శిక్షణ, డిస్పాచ్, నాణ్యత పరిశీలన, ఇలా వేరే దారులున్నాయి. వాటిలో ఒకదానికి కావాల్సిన కోర్సు ఒళ్లు బాగున్నప్పుడే మొదలుపెట్టాలి. బ్రిటన్‌లో 2018 నుంచి, తగిన శిక్షణ పొందిన అడ్వాన్స్‌డ్ పారామెడిక్‌లు స్వయంగా మందులు రాసే హక్కు కూడా పొందవచ్చు.

విదేశం వెళ్లాలనుకుంటే ఒక సంగతి. మీ లైసెన్స్ అక్కడ నేరుగా చెల్లుతుందనుకోకండి. బ్రిటన్‌లో ఈ వృత్తిని నియంత్రించే సంస్థ హెచ్‌సీపీసీ, దాని రిజిస్టర్‌లో పేరు లేకుండా పారామెడిక్ అని చెప్పుకోవడమే నేరం. జర్మనీలో 2014 నుంచి మూడేళ్ల శిక్షణ ఉంది, తీవ్రమైన కేసులకు డాక్టర్ కూడా వస్తారు, కాబట్టి మీ చేతిలో ఉండే నిర్ణయాలు మారతాయి. ఎక్కడికి దరఖాస్తు చేసినా ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివారో, ప్లేస్‌మెంట్ ఎన్ని గంటలో కాలేజీ ముద్రతో అడిగే అవకాశం ఎక్కువ. మీకు పాఠం చెప్పినవాళ్లు ఇంకా అక్కడ ఉండగానే ఆ కాగితం తీసుకోండి.