జావా నుంచి జావాస్క్రిప్ట్‌కు ఎన్ని ఆర్గ్యుమెంట్లైనా: అర్రే ఎక్కడ విడిపోతది?

నమస్తే అండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి బస్తాల లెక్క తీసుకుందాం. ఒక రైతు మూడు బస్తాలు తెస్తడు, ఇంకో రైతు ముప్పై తెస్తడు. ప్రోగ్రాం జావాల ఉంది, లెక్క కట్టే 'మొత్తం' ఫంక్షన్ జావాస్క్రిప్ట్‌ల ఉంది. బరువులు ఎన్నుంటే అన్నీ దానికి ఆర్గ్యుమెంట్లుగ, అంటే ఫంక్షన్‌కు ఇచ్చే విలువలుగ, చేరాలె.

జావాల దీనికి వరార్గ్స్ (ఎన్ని ఆర్గ్యుమెంట్లైనా తీసుకునే పద్ధతి) ఉన్నయి, 2004ల జావా 5తోని వచ్చినయి. టైపు వెనుక మూడు చుక్కలు పెడ్తం. లోపల ఉండేది మాత్రం ఉత్త అర్రేనే, అంటే విలువల వరుస. మనం విడివిడిగ రాసిన విలువలను కంపైలరే అర్రేల మూటగడ్తది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతాదంతా దారికొస్తది.

జావా నుంచి పిలవడానికి వాడే 'ఇన్వోక్ ఫంక్షన్' మెథడ్ ముందు పేరు తీసుకుంటది, తర్వాత ఆబ్జెక్ట్ (జావాల అన్ని వస్తువులకు మూల టైపు) వరార్గ్స్. ఐదు బరువులున్న ఇంటీజర్ అర్రే ఇచ్చిండ్రనుకోండి, జావాస్క్రిప్ట్‌కు ఐదు ఆర్గ్యుమెంట్లు పోతయి. అదే ఐదు బరువులు 'ఇంట్' (ఆబ్జెక్ట్ కాని ఉత్త అంకె టైపు) అర్రేల పెట్టి ఇస్తే పోయేది ఒక్కటే! ఎందుకంటే ఇంట్ అర్రే ఆబ్జెక్ట్ అర్రే కాదు, కంపైలర్ దాన్ని ఒకే వస్తువుగ మూటగట్టింది. ఇక్కడ మస్తు మంది ఇంజన్ (జావా లోపల జావాస్క్రిప్ట్‌ను నడిపే భాగం) తప్పనుకుంటరు, కానీ ఇంజన్ దాకా పోకముందే పని అయిపోయింది. అర్రేస్ స్ట్రీమ్ తీసి, బాక్స్‌డ్ పిలిచి, టు అర్రే చేస్తే ఆబ్జెక్ట్ అర్రే వస్తది, అది ఇవ్వండి.

ఉల్టా కేసు కూడ ఉంటది. స్ట్రింగ్ అర్రే మొత్తాన్ని ఒకే ఆర్గ్యుమెంట్‌గ పంపాలంటే ముందర ఆబ్జెక్ట్ అని క్యాస్ట్ (దీన్ని ఏ టైపుగ చూడాలో చెప్పే గుర్తు) పెట్టాలె. లేకుంటే విడిపోతది. ఒక్క నల్ (ఖాళీ విలువ) పంపేటప్పుడు కూడ అదే క్యాస్ట్. కంపైలర్ వార్నింగ్ ఇస్తది, దయచేసి దాన్ని చదవకుండ దాటెయ్యకండి.

అవతలి వైపు, పాత జావాస్క్రిప్ట్‌ల 'ఆర్గ్యుమెంట్స్' ఆబ్జెక్ట్ వాడాలె. అది అసలు అర్రే కాదు, అర్రే మెథడ్లైన మ్యాప్, రెడ్యూస్ దాని మీద నడవయి. యారో ఫంక్షన్‌కైతే అది సొంతంగ ఉండనే ఉండదు. 2015 నుంచి రెస్ట్ పారామీటర్ (వచ్చిన విలువలను నిజమైన అర్రేగ ఇచ్చేది) ఉంది, కొత్త ఇంజన్‌ల అదే వాడండి.

జావాస్క్రిప్ట్ నుంచి జావా వరార్గ్స్ మెథడ్‌ను పిలిచేటప్పుడు విడి విలువలు ఇస్తే ఇబ్బంది లేదు. చేతిల అర్రే ఉంటే మాత్రం 'జావా డాట్ టు' తోని 'ఇంట్ అర్రే' అని టైపు చెప్పి మార్చి ఇవ్వండి, ఊహకు వదలొద్దు. స్ట్రింగ్ ఫార్మాట్‌ల పర్సెంట్ డీ (పూర్ణాంకాల గుర్తు) పెట్టి 40.5 కిలోలు పంపితే ఎక్సెప్షన్, అంటే ఎర్రర్, పడ్తది. బరువులకు పర్సెంట్ ఎఫ్ (దశాంశాల గుర్తు) రాయాలె.

ఇంజన్ సంగతి: జావా 8ల వచ్చిన నాషోర్న్ అనే జావాస్క్రిప్ట్ ఇంజన్‌ను జావా 15ల తీసేసిండ్రు. అందుకే పాత కోడ్ కొత్త జావా మీద నడిపితే 'గెట్ ఇంజన్ బై నేమ్' ఎక్సెప్షన్ ఇవ్వదు, నల్ ఇస్తది, ఆ తర్వాతి లైన్ల కూలబడ్తది. విడిగ దొరికే నాషోర్న్ లైబ్రరీ పెట్టుకోవచ్చు, లేకుంటే గ్రాల్ జేఎస్ అనే ఇంకో ఇంజన్‌కు మారవచ్చు. గ్రాల్‌ల 'ఎగ్జిక్యూట్' కూడ ఆబ్జెక్ట్ వరార్గ్సే తీసుకుంటది, క్యాస్ట్ గొడవ అట్లనే ఉంటది. అర్రేను ఒకే వస్తువుగ పంపితే ఇంకో మెలిక: కాంటెక్స్ట్ (జావాస్క్రిప్ట్ నడిచే చోటు) కట్టేటప్పుడు హోస్ట్ యాక్సెస్‌ల (జావా వస్తువులను తాకే పర్మిషన్లల) అర్రే యాక్సెస్ ఇయ్యకుంటే జావాస్క్రిప్ట్ దాని లోపల చదవలేదు. విడి అంకెలకు ఆ పర్మిషన్ అక్కర్లేదు.