గురువారం పెళ్లి బుధవారానికి జరిగితే

నమస్తే అండీ. అమ్మాయిల వెంటపడేవాణ్ణి మనం రోమియో అని తిడతాం. షేక్‌స్పియర్ నాటకం 'రోమియో అండ్ జూలియెట్'లో రోమియో అలాంటివాడు కాదు. మొదటి అంకంలో రోజలిన్ అనే పిల్ల కాదందని పట్టపగలు కిటికీలు మూసుకుని చీకట్లో కూర్చునే రకం. సరే, అది పక్కన పెట్టండి. ఇవాళ ఒక్క ముహూర్తం గురించే మాట్లాడుకుందాం.

రోమియో కుటుంబం మాంటెగ్యూలకీ, జూలియెట్ కుటుంబం కాప్యులెట్లకీ పగ ఎందుకొచ్చిందో నాటకంలో ఎక్కడా ఉండదు. పాత పగ, అంతే. అయితే ఆ పగకి తోడు తొందర లేకపోతే ఈ పిల్లలు బతికేవాళ్లేమో. కథకి మూలమైన 1562 నాటి ఆర్థర్ బ్రూక్ కావ్యంలో ఇదంతా నెలల తరబడి సాగుతుంది. షేక్‌స్పియర్ దాన్ని నాలుగైదు రోజుల్లోకి కుదించేశాడు. ఆదివారం రాత్రి చూసుకున్నారు, సోమవారం మధ్యాహ్నం దొంగపెళ్లి. ఆ పెళ్లయిన గంటకే రోమియో చేతిలో జూలియెట్ మేనమామ కొడుకు టిబాల్ట్ చచ్చాడు. రోమియోని సొంత ఊరు వెరోనా నుంచి వెళ్లగొట్టారు.

అదే సోమవారం రాత్రి, దొంగపెళ్లి సంగతి తెలియని జూలియెట్ తండ్రి పారిస్ అనే పెద్దింటి కుర్రాడితో ఆమె పెళ్లి ఖాయం చేస్తాడు. ఆయన మాటలు గమనించండి: ఇవాళ ఏ వారం? సోమవారమా? అయితే బుధవారం మరీ దగ్గర, గురువారం పెట్టుకుందాం.

ఇక్కడ ఆ దొంగపెళ్లి జరిపించిన సన్యాసి ఫ్రయర్ లారెన్స్ రంగంలోకి దిగుతాడు. 42 గంటలు శవంలా పడుకోబెట్టే మందు ఇచ్చి, బుధవారం రాత్రి తాగమంటాడు. ఈలోగా మాంటువా అనే ఊళ్లో తలదాచుకున్న రోమియోకి, వచ్చి సమాధి నుంచి ఆమెని తీసుకెళ్లమని ఉత్తరం వెళ్లాలి. ఇంటికెళ్లి పెళ్లికి సరేనను, సంతోషంగా కనిపించు అని కూడా చెప్తాడు. కొంప ముంచింది ఆ చివరి సలహానే. జూలియెట్ బుద్ధిగా మోకాళ్ల మీద పడి, ఇకపై మీ మాటే నా మాట అంటుంది. నటన మరీ బాగా కుదిరింది. తండ్రి ఉబ్బితబ్బిబ్బై, పెళ్లి రేపు పొద్దున్నే అంటాడు. అప్పటికి మంగళవారం చీకటి పడుతోంది. సరుకులు సరిపోవు, గురువారమే ఉంచమని భార్య మొత్తుకుంటే, ఇవాళ్టికి ఇంటి ఇల్లాలిని నేనే అని తనే పనుల్లోకి దిగుతాడు. నాటకం వేసేవాళ్లు ఈ రంగాన్ని కోపంగా ఆడిస్తే దెబ్బతింటుంది. ఆయన ఎంత మురిసిపోతే మనకి అంత గుబులు పుట్టాలి.

అలా మందు ఒక రాత్రి ముందే గొంతు దిగింది. (మంగళవారం రాత్రి తాగితే 42 గంటలకి గురువారం సాయంత్రం కావాలి, ఆమె మాత్రం నడిరాత్రి లేస్తుంది. లెక్క కుదరదు. హాల్లో కూర్చున్నవాళ్లెవరూ వేళ్లు మడిచి లెక్కపెట్టరు లెండి.)

ఇక ఉత్తరం. పట్టుకెళ్లాల్సిన ఫ్రయర్ జాన్ తోడు కోసం ఇంకో సన్యాసిని వెతుక్కుంటూ వెళ్లాడు. ఆయన రోగుల దగ్గర ఉన్నాడు. ఆ ఇంట్లో ప్లేగు ఉందని అనుమానించి అధికారులు తలుపులు మూసి ముద్ర వేశారు. 1592 నుంచి 94 దాకా ప్లేగు వల్ల లండన్ నాటకశాలలు చాలాకాలం మూతపడ్డాయి, కాబట్టి ఆ ప్రేక్షకులకి దీన్ని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఉత్తరం ఆగింది, జూలియెట్ చచ్చిపోయిందన్న కబురు ఆగలేదు. నౌకరు బాల్తజార్ గుర్రమెక్కి దాన్ని మోసుకెళ్లాడు. రోమియో 40 డకట్లు, అంటే బంగారు నాణేలు, పోసి విషం కొన్నాడు.

ఉత్తరం చేరలేదని తెలిసి లారెన్స్ గడ్డపార పట్టుకుని, చీకట్లో తడబడుతూ శ్మశానానికి పరిగెత్తాడు. బయట నౌకరు కనిపించాడు. రోమియో లోపలికెళ్లి ఎంతసేపైందని అడిగాడు.

పూర్తిగా అరగంట అయిందన్నాడు.